సెన్సార్ చెప్పిన మాట ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి ఎలా చేరుతుంది?

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. కిరాణా షాపులో క్యూఆర్ స్కాన్ చేసి ఇరవై రూపాయలు కొట్టగానే కౌంటర్ మీదున్న డబ్బా డబ్బులు వచ్చాయని గట్టిగా చెప్తుంది కదా. దానికెలా తెలిసింది? మీ ఫోన్ దానితో అస్సలు మాట్లాడలేదు. డబ్బు జమ అయ్యాక, కంపెనీ సర్వర్ నుంచి ఆ డబ్బాకి నెట్ ద్వారా కబురు వచ్చింది. అంటే ఒక పెద్ద బిజినెస్ సాఫ్ట్‌వేర్ ఒక చిన్న పరికరంతో మాట్లాడిందన్నమాట.

ఈరోజు టాపిక్ ఇదే, కాకపోతే రివర్స్‌లో. పరికరం చెప్పే మాట కంపెనీ ఈఆర్‌పీకి ఎలా చేరాలి? ఈఆర్‌పీ అంటే ఏం లేదు, స్టాక్, కొనుగోళ్లు, రిపేర్లు, చెల్లింపులు అన్నీ ఒకేచోట రాసుకునే కంపెనీ చిట్టా.

నేను చేసిన తప్పుతోనే చెప్తా. కొన్నేళ్ల కింద ఒక డెయిరీకి పని చేశా. పాలు సేకరించే ఊళ్లలో బల్క్ మిల్క్ కూలర్లు ఉంటాయి, అందరూ బీఎంసీ అంటారు. రైతులు పోసిన పాలను 4 డిగ్రీలకు చల్లబరిచి, ట్యాంకర్ వచ్చేదాకా అలాగే ఉంచుతాయి. ప్రతి కూలర్‌కి సెన్సార్ పెట్టి, వేడెక్కితే ఈఆర్‌పీలో రిపేర్ కంప్లైంట్ దానంతటదే పడేలా చేయడం నా పని. నేను సింపుల్‌గా ఆలోచించా: 8 డిగ్రీలు దాటితే కంప్లైంట్. డెమోలో చప్పట్లు కూడా కొట్టారు.

మొదటి వారమే కథ అడ్డం తిరిగింది. సాయంత్రం రైతులు అప్పుడే పితికిన పాలు పోస్తే ట్యాంక్ కాసేపు వేడెక్కుతుంది. అది మామూలే. కానీ నా సిస్టమ్‌కి ఆ సంగతి తెలీదు కదా! నిమిషానికో రీడింగ్, రీడింగ్‌కో కంప్లైంట్. దానికి తోడు ఒక రాత్రి నెట్ పోయి మళ్లీ వచ్చింది. పరికరం దాచుకున్న పాత రీడింగులన్నీ ఒక్కసారే పంపేసింది. పొద్దున్నకి మెకానిక్ లిస్టులో వందల కంప్లైంట్లు. పాపం, ఆయన విసిగిపోయి లిస్టు చూడటమే మానేశాడు.

సరిగ్గా అప్పుడే ఒక ఊళ్లో కంప్రెసర్ నిజంగా చెడిపోయింది. దాని కంప్లైంట్ కూడా ఆ గుంపులోనే ఉంది. ఎవరూ చూడలేదు. ట్యాంక్ పాలు పులిసిపోయాయి, మొత్తం పారబోశారు. సెన్సార్ తప్పు చేయలేదు, ఈఆర్‌పీ తప్పు చేయలేదు. ఆ రెండిటినీ నేరుగా ముడేసింది నేను.

అప్పుడు అర్థమైంది, రీడింగ్ వేరు, సంఘటన వేరు. "9.2" అన్నది రీడింగ్. "ఫలానా ఊరి కూలర్‌లో పాలు పోయడం ఆగి అరగంటైనా వేడి తగ్గట్లేదు, మనిషిని పంపండి" అన్నది సంఘటన. ఈఆర్‌పీకి కావాల్సింది రెండోది. కాబట్టి మధ్యలో ఒక అనువాదకుడు ఉండాలి.

దారి ఇలా ఉంటుంది. సెన్సార్ రీడింగ్‌ని ఎక్కువగా ఎంక్యూటీటీ అనే పద్ధతిలో పంపుతారు. 1999లో ఆండీ స్టాన్‌ఫోర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ కలిసి దీన్ని తయారుచేశారు. ఆయిల్ పైప్‌లైన్ల సమాచారం శాటిలైట్ ద్వారా తక్కువ డేటాతో పంపడానికి. వాట్సాప్ ఛానెల్ లాంటిదే అనుకోండి. పరికరం ఒక టాపిక్‌లో పోస్ట్ చేస్తుంది, సబ్‌స్క్రైబ్ చేసినవాళ్లకి బ్రోకర్ అనే సర్వర్ అందిస్తుంది. అక్కడ వింటూ కూర్చునేది మన అనువాదకుడు. ఈఆర్‌పీ తలుపు, అంటే ఏపీఐ, తట్టేది కూడా వాడొక్కడే.

వాడు మూడు పనులు చేయాలి.

ఒకటి, ఎవరు మాట్లాడుతున్నారో తెలుసుకోవాలి. పరికరానికి ఉండేది ఒక నంబరే. అది ఏ కూలర్, ఏ ఊరు, ఏ మెకానిక్ అన్న పట్టిక ఉండాలి. సెన్సార్ మారిస్తే పట్టికా మార్చాలి. చాలామంది ఇది మర్చిపోతారు.

రెండు, ఎప్పటి మాటో చూడాలి. రీడింగ్ తీసుకున్న టైమ్‌ని పరికరమే రాసి పంపాలి. ఆలస్యంగా వచ్చిన పాత రీడింగులు రికార్డులోకి వెళ్లాలి, అలారంలోకి కాదు.

మూడు, ఒకే మాట రెండుసార్లు వస్తే పట్టుకోవాలి. ఎంక్యూటీటీలో "కనీసం ఒక్కసారి చేర్చు" అనే సెట్టింగ్ ఉంది. అంటే ఒకే మెసేజ్ రెండుసార్లు కూడా రావచ్చు. యూపీఐలో ప్రతి లావాదేవీకి ఒక నంబర్ ఉన్నట్టే ప్రతి సంఘటనకీ ఒక నంబర్ ఇవ్వండి. ఆ కూలర్ మీద కంప్లైంట్ ఆల్రెడీ తెరిచి ఉంటే దాన్నే అప్‌డేట్ చేయండి, కొత్తది వద్దు.

ఇంకో మాట, పరికరంలో ఈఆర్‌పీ పాస్‌వర్డ్ ఎప్పుడూ పెట్టొద్దు. 2016లో మిరాయ్ అనే మాల్వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, రౌటర్లలోకి దూరి, వాటితోనే పెద్ద పెద్ద వెబ్‌సైట్లు ఆగిపోయేలా చేసింది. ప్రతి పరికరానికి దాని సొంత తాళం ఉండాలి.

మీరూ ట్రై చేయొచ్చు. ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సార్ కొనండి. బ్రోకర్‌గా మస్కీటో, అనువాదకుడిగా నోడ్-రెడ్, ఈఆర్‌పీగా ఈఆర్‌పీనెక్స్ట్ పెట్టుకోండి. ఈ మూడూ ఓపెన్ సోర్సే. సెన్సార్‌ని వేడినీళ్లలో ముంచి, మధ్యలో వైఫై ఆపి మళ్లీ ఆన్ చేయండి. కంప్లైంట్ ఒక్కటే పడితే మీరు పాసైనట్టే.

ఆ డెయిరీలో పద్ధతి మార్చాక మెకానిక్ ఫోన్ అరుదుగా మోగేది. మోగిందంటే మాత్రం ఆయన వెంటనే బండి తీసేవాడు. మనం కట్టాల్సింది ఆ నమ్మకాన్నే. సరే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.