33.56 వెనకున్న హనుమ విహారి

16 టెస్టులు, 28 ఇన్నింగ్స్‌, 839 పరుగులు, సగటు 33.56, సెంచరీ ఒక్కటే. రికార్డుల పట్టికలో హనుమ విహారి పేరు పక్కన ఉండేది ఇంతే. మిడిలార్డర్‌ బ్యాట్స్‌మన్‌కు మామూలు అంకెలే. కానీ ఇవే పరుగులను మ్యాచ్‌ల వారీగా విడదీసి, ఎక్కడ ఆడాడు, ఏ స్థితిలో క్రీజులోకి వచ్చాడు అని చూస్తే కాకినాడలో పుట్టిన ఈ ఆటగాడిపై జట్టు ఎంత బరువు మోపిందో తెలుస్తుంది.

ముందు వేదికల లెక్క. ఆస్ట్రేలియాలో 6 టెస్టులు, ఇంగ్లండ్‌, న్యూజిలాండ్‌, వెస్టిండీస్‌లలో రెండేసి, దక్షిణాఫ్రికాలో 1. మొత్తం 13 విదేశాల్లోనే. స్వదేశంలో మిగిలినవి విశాఖపట్నం, మొహాలి, బెంగళూరు. 2018 సెప్టెంబరులో ఓవల్‌లో అరంగేట్రం చేశాడు. 2022 జులైలో బర్మింగ్‌హామ్‌లో చివరి టెస్టు ఆడాడు. ఈ రెండు టెస్టుల మధ్య కాలంలో భారత్‌ సొంతగడ్డపై 15 టెస్టులు ఆడితే విహారికి దక్కినవి 3. 2021లో ఇంగ్లండ్‌ సిరీస్‌కు గాయం అడ్డొచ్చింది నిజమే. మిగతా చాలాసార్లు అడ్డొచ్చింది జట్టు కూర్పు. మన పిచ్‌లపై ఐదుగురు బౌలర్లు కావాలనుకుంటే ముందు పోయేది ఆరో బ్యాట్స్‌మన్‌ చోటే. 2019లో విశాఖ టెస్టు ఆడించి, తర్వాతి పుణె టెస్టుకు అతడిని పక్కనపెట్టి పేసర్‌ ఉమేశ్‌ యాదవ్‌ను తీసుకున్నారు. అంతకుముందు వెస్టిండీస్‌ పర్యటనలో కింగ్‌స్టన్‌లో సెంచరీ చేశాక విహారి ఆడింది అప్పటికి ఒక్క టెస్టే!

విదేశాల్లో అతడు 24 ఇన్నింగ్స్‌లో 705 పరుగులు చేశాడు, సగటు 33.57. స్వదేశంలో 4 ఇన్నింగ్స్‌లో 134, సగటు 33.50. నాలుగు ఇన్నింగ్స్‌ను బట్టి తీర్పు చెప్పలేం కానీ, ఇంటి పిచ్‌లపై పరుగులు పోగేసి సగటు పెంచుకునే అవకాశం అతడికి రాలేదన్నది మాత్రం స్పష్టం.

ఇక అసలు విషయం, అంటే సగటుకు అందని ఇన్నింగ్స్‌. 2018 డిసెంబరులో మెల్‌బోర్న్‌. ఓపెనర్లు వరుసగా విఫలమవుతుంటే ఇద్దరినీ తప్పించి, ఆరో స్థానంలో ఆడే విహారిని కొత్త బంతి ముందుకు పంపారు. 66 బంతులాడి 8 పరుగులకు ఔటయ్యాడు. స్కోరుకార్డులో అది వైఫల్యం. అయితే మయాంక్‌ అగర్వాల్‌తో కలిసి దాదాపు 19 ఓవర్లు వికెట్‌ పడనివ్వలేదు. మెరుపు తగ్గిన బంతిపై పుజారా సెంచరీ కొట్టాడు, భారత్‌ 137 పరుగులతో గెలిచింది.

తర్వాత సిడ్నీ, 2021 జనవరి 11. లక్ష్యం 407. పంత్‌ 97 పరుగులు చేసి ఔటయ్యాక విహారి వచ్చాడు. పుజారా కూడా వెళ్లిపోయేసరికి స్కోరు 5 వికెట్లకు 272. పరుగు తీస్తుండగా విహారికి తొడ కండరం పట్టేసింది. జడేజా బొటనవేలు అప్పటికే విరిగింది. ఆ తర్వాత మిగిలింది బౌలర్లే. అవతల అశ్విన్‌కు నడుము నొప్పి. పరుగెత్తలేని ఇద్దరూ 40కి పైగా ఓవర్లు నిలబడ్డారు. విహారి 161 బంతుల్లో 23 నాటౌట్‌, అశ్విన్‌ 128 బంతుల్లో 39 నాటౌట్‌. భారత్‌ 334/5, మ్యాచ్‌ డ్రా. 1-1తో బ్రిస్బేన్‌ వెళ్లిన జట్టు అక్కడ నెగ్గి సిరీస్‌ 2-1తో పట్టేసింది. ఆ టెస్టుకు విహారి గాయంతో దూరమయ్యాడు.

మెల్‌బోర్న్‌ 8, సిడ్నీ 23 కలిపితే 227 బంతుల్లో 31 పరుగులు. ఈ రెండు ఇన్నింగ్స్‌నూ తీసేసి లెక్కగడితే సగటు 33.67. ఒక గెలుపులో, ఒక డ్రాలో ఇంత పాత్ర ఉన్న ఆట సగటులో తెచ్చిన తేడా 0.11!

అలాగని లోపం లేదనను. 2019 వెస్టిండీస్‌ పర్యటనలో అతడి స్కోర్లు 32, 93, 111, 53 నాటౌట్‌. కింగ్‌స్టన్‌లో ఆ 111 చేసేటప్పుడు ఎనిమిదో వికెట్‌కు ఇషాంత్‌ శర్మతో 112 పరుగులు జోడించాడు. అప్పటికి 6 టెస్టుల్లో సగటు 45.60. తర్వాతి 10 టెస్టుల్లో అది 25.53కు పడిపోయింది. కెరీర్‌ మొత్తంలో 20 నుంచి 42 పరుగుల మధ్య 9 సార్లు ఔటయ్యాడు. కష్టమైన తొలి గంట దాటాక ఇన్నింగ్స్‌ను పెద్దది చేయలేకపోవడమే అతడిని దెబ్బతీసింది. రంజీలో ఆంధ్ర తరఫున ఒడిశాపై 302 నాటౌట్‌ కొట్టినవాడికి పెద్ద ఇన్నింగ్స్‌ ఆడటం తెలియక కాదు. ఆరో స్థానంలో తోడు దొరక్కపోవడం కొంత కారణం, ఎప్పుడు తప్పిస్తారో తెలియని స్థితి మరికొంత అని నా అంచనా.

తెగువకు లెక్క కావాలంటే 2023 రంజీ క్వార్టర్‌ ఫైనల్‌ చూడాలి. ఇందౌర్‌లో మధ్యప్రదేశ్‌ పేసర్‌ ఆవేశ్‌ ఖాన్‌ బంతికి ఎడమ మణికట్టు విరిగి విహారి 16 పరుగుల వద్ద మైదానం వీడాడు. చివరి బ్యాట్స్‌మన్‌గా తిరిగొచ్చి, బౌలర్‌కు విరిగిన చెయ్యి అందకుండా ఎడమచేతివాటంగా నిలబడి 27కు చేరాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ అలాగే దిగి 16 బంతుల్లో 15 చేశాడు. మ్యాచ్‌ మాత్రం ఆంధ్ర ఓడింది.

సెంచరీలు తక్కువన్న విమర్శ న్యాయమే. కానీ కఠినమైన విదేశీ పిచ్‌లకు పంపినంత నమ్మకంగా సొంతగడ్డపై ఆడించకపోవడం సెలక్షన్‌లో జరిగిన తప్పే.