వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు లేవట్లేదా? డిలీట్ కొట్టకండి

ప్రాజెక్టు వైవా రేపనగా రాత్రి పదకొండింటికి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామూ, ఉబుంటు రావట్లేదు. మొత్తం తీసేసి మళ్లీ వేసేయనా?" మూడు నెలల పని ఆ ఉబుంటులోనే ఉంది. ఇంకో కాపీ ఎక్కడా లేదు. "ఏదీ ముట్టుకోకు బేటా" అన్నాను.

బీటెక్, ఎంసీఏ పిల్లలున్న ఇళ్లలో ఇది కొత్తేం కాదు. ఇంటికంతా ఒకటే ల్యాప్‌టాప్, అందులో విండోస్. దాన్ని కదపకుండా లైనక్స్ నేర్చుకోవాలని వర్చువల్‌బాక్స్ వేసుకుంటారు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ అన్నమాట. బయటి విండోస్‌ను హోస్ట్ అంటారు, లోపలి ఉబుంటును గెస్ట్ అంటారు. ఆ గెస్ట్ హార్డ్ డిస్క్ నిజానికి వీడీఐ అనే ఒక పెద్ద ఫైలే. ఉబుంటు లేవకపోయినా ఆ ఫైల్ బాగుంటే పిల్లవాడి పని అందులోనే ఉంటుంది.

అందుకే ముందు మెషీన్ ఆపేసి, దాని ఫోల్డర్ మొత్తం ఇంకో డిస్క్‌లోకి కాపీ చేయండి. స్నాప్‌షాట్స్ ఫోల్డర్ కూడా వదలొద్దు. స్నాప్‌షాట్ తీసుకున్నాక చేసిన పనంతా అందులోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ తీసుకోదు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఉండాలి.

ఆ తర్వాత స్క్రీన్ మీద ఏముందో చదవండి. "నో బూటబుల్ మీడియం ఫౌండ్" అని ఉంటే మెషీన్‌కు డిస్క్ దొరకలేదని అర్థం. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి వీడీఐ తగిలించి ఉందో లేదో చూడండి. ఎవరైనా ఆ ఫైల్‌ను వేరే ఫోల్డర్‌కు మార్చినా ఇబ్బందే. మెషీన్ అసలు స్టార్టే కాక వీటీ-ఎక్స్ గురించి ఏదో చెబుతుంటే, ల్యాప్‌టాప్ బయోస్‌లో వర్చువలైజేషన్ ఆఫ్‌లో ఉండొచ్చు. ఏఎండీ ల్యాప్‌టాప్‌లలో అదే ఎస్‌వీఎం పేరుతో కనిపిస్తుంది. "షెల్" అని రాసి ఆగిపోతే, ఈఎఫ్ఐ టిక్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉందా చూసుకోండి. ఉత్త నల్ల తెరే అయితే డిస్‌ప్లేలో 3డీ యాక్సిలరేషన్ తీసేసి, గ్రాఫిక్స్ కంట్రోలర్ వీఎంఎస్‌వీజీఏ పెట్టి చూడండి.

అన్నిటికన్నా ప్రమాదం, ఉబుంటు ఇన్‌స్టాలర్ మళ్లీ మొదటినుంచి రావడం. చాలామంది పిల్లలు కంగారులో "ఎరేజ్ డిస్క్" నొక్కేస్తారు. అంతే, ఉన్నదంతా పోతుంది! అసలు అక్కడ పాడైంది ఏమీ ఉండకపోవచ్చు. ఐఎస్ఓ ఫైల్ ఇంకా తగిలే ఉంటుంది, మెషీన్ దాన్నుంచే లేస్తోంది. స్టోరేజ్‌లోకి వెళ్లి దాన్ని తీసేస్తే సరిపోతుంది.

మావాడి స్క్రీన్ మీద మాత్రం "ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్" అని ఉంది. విండోస్‌లో సీ డ్రైవ్ చూడమన్నాను. ఎర్రగా, నిండుగా ఉంది. వీడీఐ ఫైల్ వాడేకొద్దీ పెరుగుతుంది. 40 జీబీ అని పెట్టుకున్నా మొదట్లో కొంచెమే తీసుకుంటుంది. పెరగడానికి హోస్ట్‌లో చోటు లేకపోతే మెషీన్ మధ్యలో ఆగిపోతుంది. వీడు పవర్ ఆఫ్ కొట్టాడు, ఫైల్ సిస్టమ్ దెబ్బతింది.

బావ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ముందు మెషీన్ ఫోల్డర్ కాపీ చేయించాను. తర్వాత చోటు కోసం సీ డ్రైవ్‌లోని అక్క పెళ్లి వీడియోలు కూడా అందులోకే పంపించాం. అప్పుడు ఎఫ్ఎస్‌సీకే కమాండ్ కొట్టించాను. ఏ పార్టిషన్ పేరు ఇవ్వాలో స్క్రీన్ మీదే రాసి ఉంటుంది. అడిగినవాటికి వై నొక్కి, చివర ఎగ్జిట్ అన్నాడు. ఉబుంటు లేచింది. లేవకపోయుంటే ఇంకో దారి ఉంది: ఐఎస్ఓ తగిలించి, ఇన్‌స్టాల్ కాకుండా "ట్రై ఉబుంటు" ఎంచుకుని, పాత డిస్క్ తెరిచి ఫైళ్లు తీసుకోవచ్చు.

ఒంటిగంటన్నరకు ప్రాజెక్టు ఫోల్డర్ తన మెయిల్‌కు తానే పంపుకుని పడుకున్నాడు. పెళ్లి వీడియోలు ఏవని అక్క పొద్దున్నే నాకు ఫోన్ చేసింది.