చల్క నేలల్లో ట్రాక్టర్ ఇంజను అతిగా వేడెక్కడం: కారణాల నిర్ధారణ

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్ర చల్క నేలలు తేమను ఎక్కువ రోజులు పట్టి ఉంచలేవు. మృగశిర కార్తెలో కురిసిన వానకు పదునైన నేలను కొద్ది రోజుల్లోనే దున్ని విత్తుకోవాలి. సరిగ్గా ఆ రోజుల్లో ట్రాక్టరు బానెట్ కింద నుండి ఆవిరి లేచి పని ఆగిపోతే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు, విత్తే అదను కూడా తప్పుతుంది. కాబట్టి ఇది మెకానిక్ ఒక్కడికే వదిలివేయవలసిన విషయం కాదు. కారణంలో సగభాగం చేనులోనే, మెకానిక్ రాకముందే తెలుసుకోవచ్చు.

డీజిల్ మండినప్పుడు వెలువడే శక్తిలో స్థూలంగా మూడో వంతు మాత్రమే పనిగా మారుతుంది. మరో మూడో వంతు పొగతో పోతుంది. మిగిలినదానిలో అధిక భాగాన్ని రేడియేటర్ బయటికి పంపాలి. గాలి, నీరు, బరువు అనే మూడింటిలో ఏదో ఒకటి తప్పినప్పుడే ఇంజను మితిమీరి వేడెక్కుతుంది. అందువల్ల డ్రైవరును మొదట అడగవలసినది ‘ఎప్పుడు వేడెక్కింది?’ అన్న ప్రశ్న.

నిలిపి ఉంచి పి.టి.ఓ.తో నూర్పిడి యంత్రం నడిపేటప్పుడు మాత్రమే వేడెక్కితే అనుమానం గాలి మీదికి పోతుంది. పొట్టు, దుమ్ము రేడియేటర్ రేకుల మధ్య చేరి పొరగా కడతాయి. ముందున్న జాలీ శుభ్రంగా కనిపించినా లోపలి రేకులు మూసుకొని ఉండవచ్చు. ఫ్యాన్ గాలిని ముందు నుండి వెనుకకు లాగుతుంది కాబట్టి శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ వైపు నుండి ముందుకు, తక్కువ ఒత్తిడితో గాలి కొట్టాలి. ఎదురుగా కొడితే చెత్త మరింత లోపలికి దిగబడుతుంది. బెల్టు వదులైనా ఇదే లక్షణం కనిపిస్తుంది. బొటనవేలితో నొక్కినప్పుడు అది 10 నుండి 15 మిల్లీమీటర్లకు మించి దిగకూడదు.

బరువైన పనిలో మాత్రమే, అదీ సీజన్ గడిచేకొద్దీ పెరుగుతూ వేడెక్కితే నీటిని పరిశీలించాలి. ఈ ప్రాంతంలో అసలు కథ ఇక్కడే ఉంది. గ్రానైట్ నేలల్లోని బోరు నీరు చాలాచోట్ల కఠినమైనది. నల్గొండ నీరు అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది గాని, రేడియేటర్‌కు శత్రువు ఫ్లోరైడ్ కాదు. కాల్షియం, మెగ్నీషియం లవణాలు. ఫ్లోరైడ్ తొలగించిన నీరు మెత్తబడిన నీరు కాదన్నది విస్తరణ సిబ్బంది కూడా గమనించవలసిన విషయం. నీరు వేడెక్కినప్పుడు కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్, కార్బొనేట్‌గా మారి గోడలకు పెంకులా పడుతుంది. ఈ పెంకు ఇనుముతో పోలిస్తే వేడిని ఎన్నో రెట్లు తక్కువగా ప్రసరింపజేస్తుంది.

అసలు నష్టం మొదటిసారి పోసిన నీటితో కాదు, రోజూ కలిపే నీటితో వస్తుంది. ఆవిరిగా పోయేది స్వచ్ఛమైన నీరు. లవణం లోపలే మిగులుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కఠినత్వం గల నీటిని 10 లీటర్ల రేడియేటర్‌లో నింపితే చేరేది 5 గ్రాములు. ఆవిరైన దానికి బదులుగా రోజుకు ఒక లీటరు చొప్పున 60 రోజులు కలిపితే మరో 30 గ్రాములు చేరుతాయి. అంతా పెంకుగా మారకపోయినా సన్నని గొట్టాలు మూసుకుపోవడానికి అది చాలు. భారతీయ ప్రమాణాల ప్రకారం మరో నీటి వనరు లేనిచోట లీటరుకు 600 మిల్లీగ్రాముల కఠినత్వం వరకు తాగునీటికి అనుమతి ఉంది. తాగడానికి పనికివచ్చినదల్లా ఇంజనుకు పనికిరాదు. డిస్టిల్డ్ నీటిలో కూలెంట్‌ను తయారీదారు చెప్పిన పాళ్లలో కలిపి పోయడమే సరైన పద్ధతి. లోపల పెంకు పట్టిన రేడియేటర్‌ను ఇంజను ఆపి, కాస్త చల్లారాక వెలుపలి నుండి తాకి చూస్తే అక్కడక్కడ చల్లని మచ్చలు తెలుస్తాయి. వేడి నీరు అక్కడికి చేరడం లేదన్నమాట.

రేడియేటర్ మూత చిన్న వస్తువే గాని దాని పని పెద్దది. సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున్న మహబూబ్‌నగర్‌లో తెరిచి ఉంచిన నీరు దాదాపు 98 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. 0.9 బార్ ఒత్తిడిని నిలిపే మూత ఆ హద్దును 118 డిగ్రీల దాకా పెంచుతుంది. మూత రబ్బరు చెడితే ఈ వెసులుబాటు పోతుంది.

వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను తీసి పారేయడం కొందరికి అలవాటు. దానివల్ల ఇంజను తగిన వేడికి చేరక డీజిల్ వృథా అవుతుంది, సిలిండర్లు అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిలోనే తిరిగి వేడి మరింత పెరుగుతుంది. ఇంజను వేడెక్కిన తరువాత కూడా పై గొట్టం చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకొని ఉండిపోయిందని అనుమానించాలి.

చల్లని ఇంజను మూత తీసి స్టార్టు చేసినప్పుడు నీటిలో ఆగకుండా బుడగలు వచ్చినా, ఆయిల్ పాలరంగుకు మారినా అది హెడ్ గ్యాస్కెట్ లోపానికి గట్టి సూచన. అప్పుడు చేనులో చేయగలిగింది లేదు, వర్క్‌షాపుకు తరలించాలి.

మీటరు ముల్లును మాత్రం పూర్తిగా నమ్మరాదు. నీరు బాగా తగ్గినప్పుడు సెన్సార్ నీటిలో మునగక ముల్లు కిందనే ఉండవచ్చు. ఆవిరి కనిపించినప్పుడు బరువు తీసివేసి, నీరు కారిపోకుండా ఉంటే కొద్ది నిమిషాలు తక్కువ వేగంతో నడిపి ఆపాలి. కారిపోయి ఉంటే వెంటనే ఆపాలి. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే మరిగే నీరు ముఖం మీదికి చిమ్ముతుంది. కాగిన ఇంజనులో చల్లని నీరు పోస్తే సిలిండర్ హెడ్ పగిలే ప్రమాదం ఉంది.