త్రాసు పేరు, బెల్లం రుచి

ఉప్పుగూడ రైల్వే స్టేషనులో దిగి, దగ్గరలోని ఒక కిరాణా దుకాణం ముందు గంటసేపు నిలబడి చూడండి. ఒకరు కందిపప్పు కొంటారు, ఒకరు బెల్లం, మరొకరు చింతపండు. సరుకు మారుతూ ఉంటుంది. ప్రతిసారీ పనిచేసేది మాత్రం త్రాసే! "ఫలానా త్రాసుతో తూచాము" అని ప్రతి చీటీ మీదా రాయాలనే నియమం ఉంటే, అన్నిటికంటె ఎక్కువసార్లు కనిపించే పేరు ఆ త్రాసుదే అవుతుంది. అంతమాత్రాన త్రాసు బెల్లం కంటె తియ్యనిదవుతుందా?

ఈ ప్రశ్నను గుర్తుంచుకోండి. శాస్త్రలోకంలో అచ్చంగా ఇలాంటి నియమమే ఉంది!

శాస్త్రజ్ఞులు తాము కనుగొన్న సంగతిని పరిశోధనా వ్యాసంగా ప్రచురిస్తారు. అందుకు ఇతరుల వ్యాసాలు ఏవేవి తోడ్పడ్డాయో వాటి పేర్లు కూడా అందులో ఇస్తారు. ఇలా పేర్కొనడాన్ని 'సైటేషన్' అంటారు. మనం 'ఉల్లేఖన' అందాం. 1964లో అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ ఈ ఉల్లేఖనలను పోగుచేసి ఒక సూచికగా వెలువరించారు. దానితో ఎవరి వ్యాసాన్ని ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కపెట్టడం సులభమయింది.

మరి అన్నిటికంటె ఎక్కువ ఉల్లేఖనలు పొందిన వ్యాసం ఎవరిది? ఐన్‌స్టీన్‌దా? కాదు! మెదడులోని రసాయనాలను పరిశీలించిన ఆలివర్ లౌరీ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడిది.

లౌరీ గారు ఒక్కొక్క నాడీకణాన్నే విడిగా పరీక్షించాలనుకున్నారు. కంటికి కనపడని కణాన్ని తూచేదెలా? వెంట్రుక కంటె సన్నని క్వార్ట్జ్ పోగును ఒక కొసన బిగించి, రెండో కొసన కణాన్ని ఉంచేవారు. పోగు ఎంత వంగితే బరువు అంత అన్నమాట! ప్రోటీన్లను కొలవడానికి ఇంకొక ఉపాయం చెప్పారు. రాగి లవణాన్నీ, ఫోలిన్ ద్రావకాన్నీ కలిపితే ప్రోటీన్ ఉన్న ద్రవం నీలిరంగు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనైతే ప్రోటీన్ అంత ఎక్కువ. 1951లో మరి ముగ్గురితో కలిసి ఈ పద్ధతిని ప్రచురించారు. 2014లో 'నేచర్' పత్రిక లెక్క చూస్తే, ఆ వ్యాసానికి 3,05,000కు పైగా ఉల్లేఖనలు వచ్చాయి! అది గొప్ప వ్యాసమేమీ కాదని లౌరీ గారే ఒప్పుకున్నారు. అయినా ఆ ఆదరణకు లోలోపల మురిసిపోయేవారట!

ఇప్పుడు మన తెలుగువారి సంగతి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తర్వాత అమెరికా చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రచురించారు. అదీ లౌరీ వ్యాసం వచ్చిన పత్రికలోనే. ఇందులోనూ నీలిరంగును బట్టే లెక్క! ఈ వ్యాసం కూడా దశాబ్దాల తరబడి వేలాది పరిశోధకులకు త్రాసుగా ఉపయోగపడింది.

ఆ త్రాసుతోనే వారిద్దరూ కండరాలను పరీక్షించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. జీవకణానికి శక్తినిచ్చే 'నాణెం' ఏటీపీయే. మన శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే, కాని శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. మీరు ఈ వాక్యం చదువుతున్నప్పుడు కూడా మీ నాడీకణాలు ఏటీపీని ఖర్చు చేస్తూనే ఉన్నాయి.

కాని తమాషా చూడండి! నేడు ఏటీపీ గురించి రాసే వారెవరూ సాధారణంగా 1929 నాటి వ్యాసాన్ని పేర్కొనరు. అది అందరికీ తెలిసిన పాఠమయిపోయింది గదా! త్రాసును లెక్కపెట్టిన ఉల్లేఖనల పట్టిక, బెల్లాన్ని వదిలేసిందన్నమాట.

2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు మరో కొలత చెప్పారు. దాని పేరు 'హెచ్ సూచిక'. ఒకరి వ్యాసాల్లో పదింటికి తలా పది ఉల్లేఖనలైనా ఉంటే సూచిక 10. ఒక పరిశోధకుని ఐదు వ్యాసాలకు 40, 9, 4, 3, 1 ఉల్లేఖనలు వచ్చాయనుకోండి. తలా మూడైనా ఉన్నవి నాలుగు వ్యాసాలు. తలా నాలుగైనా ఉన్నవి మూడే. కనుక సూచిక 3. ఇప్పుడు 40 బదులు 4,000 వేసి చూడండి. సూచిక మారిందా? మారలేదు! ఏ ఒక్క అంకె చూసీ మనిషి పనికి వెల కట్టకూడదని దీన్నిబట్టి తెలియడం లేదూ?

అయితే ఉల్లేఖన వ్యర్థమా? కానే కాదు. అది పుట్టింది పోటీ కోసం కాదు, ఋణం ఒప్పుకోవడం కోసం. ఈసారి మీ బడిలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగినప్పుడు, మీ నమూనా పక్కన అట్ట మీద ఒక వరుస రాయండి: ఈ ఆలోచన ఏ పుస్తకంలో దొరికింది, ఎవరు సాయపడ్డారు అని. అదే మీ మొదటి ఉల్లేఖన!