జీడిమోడు తవ్వటానికి కూలి ఎవరివ్వాలి?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలకు మాను తొలిచే పురుగు పడితే మందు కొట్టమని సలహా చెబుతారు. కాని ఈ పురుగు మందుకు దొరికే చోట ఉంటుందా? ఎర్రగోధుమ రంగు పెంకు పురుగు మాను మొదట్లో బెరడు పగుళ్లలోనూ, పైకి తేలిన వేళ్ల మీదా గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు బెరడు కిందికి దూరి, లోపల్లోపలే కొరుక్కుంటూ వేళ్లదాకా పోతుంది. బయటికి కనపడేది కాస్త బంక, రంపపు పొట్టులాంటి చెత్త, అంతే. మొదలు చుట్టూ తుప్పలు కమ్ముకుంటే అదీ కనపడదు. ఆకు పండుబారి రాలుతున్నదని రైతు గుర్తించేసరికి బెరడు చాలావరకు పోయి ఉంటుంది. మాను చుట్టూ బెరడు సగానికిపైగా పోయిన చెట్టు ఇక దక్కదు.

ఈ పురుగు అన్ని తోటల్నీ ఒకేలా పట్టదు. పదిహేనేళ్లు దాటిన మానులంటే దానికి ఇష్టం. ఇసుకనేలలో గాలికీ వానకీ మట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడితే మరీ సుళువు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాను తర్వాత కూలిన చెట్లను అధికారులొచ్చి లెక్కపెడతారు. సగం పెళ్లగిలి, వేళ్లు తెగి, ఒరిగి బతికిన చెట్టునెవరు లెక్కపెడతారు? పురుగుకు కావలసిన చెట్టు సరిగ్గా అదే.

అసలు సంగతి మోడు దగ్గరుంది. చెట్టు చస్తే పురుగు చావదు. మోడులోనే సున్నపు గూడు కట్టుకుని, పెంకు పురుగై ఎగిరి పక్క తోటలో పడుతుంది. తల్లిపురుగులు కూడా పురుగు పట్టిన చెట్టు వాసనకే చేరతాయి. పట్టాలోని గట్లు వాటికేం తెలుసు! ఒక్కరి తోటలో మోడు నిలిస్తే చుట్టూ ఉన్నవాళ్ల మందు ఖర్చంతా బూడిదే.

మొదట్లోనే కనిపెడితే పిల్లపురుగును కత్తితో తవ్వితీసి, 5 శాతం వేపనూనె పూసి, వేళ్లకు మట్టి ఎగదోస్తే చెట్టు బతుకుతుంది. చచ్చినదాన్ని మాత్రం వేళ్లతో సహా పెళ్లగించి తోట దాటించాల్సిందే. ఇక్కడే చిక్కు. మానును వంటచెరకుకు కొంటారు, కోసుకుపోతారు. మొదలు అలాగే ఉంటుంది, పురుగుండేదీ అందులోనే. దాన్ని తవ్వటానికి కూలి కావాలి. 80 కిలోల పిక్కల బస్తాకు గిట్టుబాటు ధర లేదని రోడ్డెక్కే రైతు, ఇంకా కౌలుదారయితే, ఆ కూలి ఎక్కణ్ణించి తెస్తాడు?

అందుకే మేము అడిగేది: మోడు తవ్వటాన్ని ఊరి ఉపాధి పనుల్లో చేర్చాలి. మోడుకింత అని రేటు కట్టాలి. పట్టా ఎవరిదన్నది చూడకుండా ఊరి తోటలన్నీ వరసగా ఒకే దఫాలో శుభ్రం చేయించాలి. తోటల్లో కూలికి పోయే మాకూ, పలాసలో పిక్క ఒలిచే ఆడవాళ్లకూ ఈ చెట్టే కదా కూడు పెట్టేది.

ఈలోగా రైతులు చేయగలిగిన పని ఒకటుంది. మాను అమ్మేటప్పుడే, కోసినవాళ్లే మొదలు కూడా తవ్వి పోవాలని బేరంలో మాట్లాడుకోండి. నాలుగు డబ్బులు తగ్గినా ఫరవాలేదు.