పెన్నేరుగడ్డ, వల్లారై, సజ్జ సంకటి: ఆందోళన తగ్గించడంలో వీటి పాత్ర

విజయనగర కాలంలోనూ, 1529 నుంచి 1736 దాకా సాగిన మదురై నాయకుల ఏలుబడిలోనూ దక్షిణానికి తరలివెళ్లి కోయంబత్తూరు, మదురై ప్రాంతాలలో స్థిరపడిన తెలుగువారిలో నల్లరేగడి సేద్యం చేసిన కమ్మవారు, రెడ్లు, మగ్గం నమ్ముకున్న దేవాంగులు, ఇంకా బలిజలు, అరుంధతీయులు ఉన్నారు. వీరిలో ఎందరో నేటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా, చదువు, రాత మాత్రం చాలావరకు తమిళంలోనే సాగుతాయి. మూలికల దగ్గర ఈ రెండు భాషల బతుకు ఒక చిక్కు తెచ్చిపెడుతుంది. అవ్వ నోట విన్న పేరు తెలుగులో ఉంటే, ‘నాట్టు మరుందు కడై’ అనే నాటుమందుల అంగడిలో అదే సరుకు తమిళ పేరుతో దొరుకుతుంది. తెలుగులో గాబరా అని, తమిళంలో పదట్టం అని చెప్పుకునే ఆందోళనకు మందు వెతికే ఇంట్లో ఈ పేర్ల తేడా చిన్న విషయం కాదు.

తెలుగువారి పెన్నేరుగడ్డ తమిళుల అముక్కరా కిళంగు, సంస్కృతంలో అశ్వగంధ. సిద్ధ వైద్యంలోని అముక్కరా చూర్ణంలో ఈ వేరుతోపాటు శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, ఏలకులు, లవంగాలు, చక్కెర కలుస్తాయి. రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాముల వేరు సారాన్ని సుమారు రెండు నెలలు ఇచ్చి చేసిన కొన్ని పరీక్షలలో, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారి కంటే సారం తీసుకున్నవారిలో ఆందోళన ఎక్కువగా తగ్గింది. ఇది ఆశ కలిగించే ఫలితమే అయినా, ఆ పరీక్షలు చిన్నవి, కొద్దికాలం సాగినవి కనుక దీర్ఘకాలపు వాడకానికి వాటిని పూచీగా తీసుకోవడం తగదు. అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. థైరాయిడ్ హార్మోన్ పెరగవచ్చు. నిద్రమాత్రలు వాడేవారికి మత్తు ఎక్కువ కావచ్చు. గర్భిణులు దీనిని వాడకూడదు. ఆకు కాక వేరునే వాడాలని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది.

అసలు గందరగోళం ‘బ్రాహ్మి’ అనే పేరులో ఉంది, ఎందుకంటే ఆ ఒక్క పేరుతో రెండు వేర్వేరు మొక్కలు చెలామణి అవుతున్నాయి. మొదటిది తడినేలల్లో పాకే నీరుబ్రహ్మి. దాని ఆకులు చిన్నవి, మందమైనవి. రెండోది తెలుగులో సరస్వతి ఆకు, తమిళంలో వల్లారై. దాని ఆకు గుండ్రంగా, కాడ దగ్గర నొక్కుతో, అంచున సన్నని గంట్లతో ఉంటుంది. కెనడా పరిశోధకులు 2000లో ప్రచురించిన ఒక పరీక్షలో 40 మంది ఆరోగ్యవంతులలో కొందరికి ఒకేసారి 12 గ్రాముల సరస్వతి ఆకు ఇవ్వగా, హఠాత్తుగా వినిపించిన శబ్దానికి వారు ఉలిక్కిపడడం తగ్గింది. ఉలికిపాటు తగ్గడమూ, నెలల తరబడి పీడించే ఆందోళన నయం కావడమూ ఒకటి కావు. వల్లారై పచ్చడి ఆకుకూరగా మంచిదే. దానిని మందుగా లెక్కగట్టడం మాత్రం తొందరపాటు.

మూలికల కంటే సజ్జ సంకటి వంటి ఈ ఇళ్ల పాత వంటకు ఎక్కువ విలువ ఇవ్వడం న్యాయం. దేశంలో పోషకాహార పరిశోధనకు పునాది కోయంబత్తూరుకు ఎగువన ఉన్న నీలగిరులలోనే పడింది. 1918లో కూనూరులో వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల సజ్జలలో 120 మిల్లీగ్రాములకు పైగా మెగ్నీషియం ఉంటే, పాలిష్ పట్టిన బియ్యంలో సుమారు 20 మాత్రమే ఉంది. ఇనుములోనూ సజ్జలదే పైచేయి. మెగ్నీషియం నరాల ఉద్రేకాన్ని అదుపులో ఉంచే ఖనిజం. ఇక ఇనుము తగ్గి రక్తహీనత వస్తే గుండెదడ, ఆయాసం, నీరసం కలుగుతాయి, అవి అచ్చం ఆందోళన లక్షణాలలాగే కనిపిస్తాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది కనుక, గుండెదడ అని చెప్పిన స్త్రీకి చూర్ణం ఇచ్చేముందు రక్తపరీక్ష చేయించడం అవసరం. శాకాహారులైతే బి12 విటమిన్‌కు, ఎవరైనా సరే థైరాయిడ్‌కు కూడా పరీక్ష చేయించుకోవాలి.

చేర్చుకోవలసినవాటితోపాటు తగ్గించుకోవలసినదీ ఒకటుంది: ఫిల్టర్ కాఫీ. అందులోని కెఫీన్ మెదడులో అలసటను తెలిపే అడినోసిన్ పనిని అడ్డుకుంటుంది, గుండె వేగాన్ని పెంచవచ్చు. ఒంట్లో కెఫీన్ పరిమాణం సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కనుక, సాయంత్రం ఐదింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం దాటాక కాఫీ మానడం, పూట తప్పకుండా తినడం ఖర్చులేని చికిత్సలు. భోజనం వెంటనే కాఫీ తాగకపోతే ఇనుము కూడా ఒంటికి బాగా పడుతుంది.

వారాల తరబడి నిద్ర, పని, తిండి దెబ్బతింటే, లేదా చావు ఆలోచనలు వస్తే, మూలికలతో కాలయాపన చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ సేవ అందే భాషలలో తెలుగూ ఉంది, తమిళమూ ఉంది.