బడిపంతులు – బంతియాట

రాజునకు కోటలు మిగులును. వర్తకునకు మేడలు మిగులును. శిల్పికి విగ్రహములు మిగులును. చదువు చెప్పువానికి మిగులునది శిష్యులే. ద్రోణాచార్యుని నేర్పును లోకము అర్జునుని బాణమునందే కదా చూచినది! అట్లు శిష్యులయందే తన కీర్తిని నిలిపిన యొక హైదరాబాదు ఉపాధ్యాయుని చరిత్రమును సోదరీమణులకు విన్నవింపదలచితిని. బడిలో పాఠములు చెప్పుచునే ఆయన దేశమునకు కాలిబంతి యాట నేర్పెను. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

“ఫుట్‌బాలు ముచ్చట ఇల్లాండ్రకేల?” అని కొందరు నవ్వవచ్చును. కాని నేడు మన పిల్లలను బిలిచి అడిగి చూడుడు. బ్రెజిలు, అర్జెంటీనా దేశముల ఆటగాండ్ర పేర్లు గుక్కతిప్పుకొనక చెప్పుదురు. ఆ దక్షిణ అమెరికా ఖండమున ఈ యాటయన్న ప్రాణము. 1930లో మొట్టమొదటి ప్రపంచ కప్పు గెలిచిన ఉరుగ్వే అచ్చటి దేశమే. అచ్చట జట్టును తీర్చిదిద్దు శిక్షకుని పేరు చంటిబిడ్డ మొదలు ముదుసలి వరకు అందరకు తెలియును. అంతటి గురువు మన యూరనే యుండెనని మన బిడ్డలలో ఎందరకు తెలియును?

తార్నాకలో కాపురముండు సోదరీమణులకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము పెరటితోట వంటిది. తెల్లవారుజామున అచ్చట నడచుటకు పోవువారు, చెట్లక్రింద పుస్తకములు ముందుంచుకొని పరీక్షలకు చదువుకొను పిల్లలను, బయళ్లలో బంతియాడు పిల్లలను నిత్యము చూచుచునే యుందురు. రహీముగారు ఈ విశ్వవిద్యాలయముననే పట్టము పుచ్చుకొనిరి. దాని జట్టున ఆడిరి. ఆయన 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదున జన్మించిరి. చదువు ముగిసిన పిమ్మట కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల బడులలో ఉపాధ్యాయులుగా నుండిరి. వ్యాయామ విద్యయందును ప్రత్యేకముగా శిక్షణ పొందిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శులైరి.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతికి వచ్చెను. నాటివరకు ఈ యాటకు కలకత్తాయే రాజధాని. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పు పోటీని 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు ఈ పోలీసు జట్టే గెలిచెను. అప్పటినుండి దేశమెల్ల హైదరాబాదు వైపు చూచెను.

ఆయన శిక్షణలోని రహస్యమేమి? బడిపంతులు బుద్ధియే. కుడిచేతివాటము గల పిల్ల యెడమచేతితో ముగ్గు పెట్టలేనట్లే, ఆటగాండ్రలో పెక్కురకు ఒక కాలే వశము. రహీముగారు బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలయునని నియమము పెట్టి పిల్లలకు పోటీలు నడిపిరి. బంతిని తనయొద్దనే యుంచుకొని వయ్యారములు పోవుట నిషేధించి, వెంటనే తోటివానికి అందింపవలెనని మరికొన్ని పోటీలు పెట్టిరి. మొదటి దానివలన రెండవకాలు తోడయ్యెను; రెండవ దానివలన “నేను” పోయి “మనము” వచ్చెను. పదునొకండుగురు ఒక్క కుటుంబము వలె మెలగుట నేర్చిరి.

భారత జట్టునకు కూడ ఆయనయే శిక్షకులైరి. 1951లో ఢిల్లీయందు జరిగిన తొలి ఆసియా క్రీడలలో మనవారు ఇరాను జట్టును ఒక్క గోలుతో ఓడించి స్వర్ణపతకము గెలిచిరి. మరుసటి యేడే పరాభవము కలిగెను. 1952 హెల్సింకీ ఒలింపిక్కులలో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10–1 తేడాతో ఓడెను. నాడు మన ఆటగాండ్రలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. ఆ యోటమి తరువాత బూట్లు తొడుగుట నియమమయ్యెను. రహీముగారు కుంగి కూర్చుండక, అప్పుడు ఐరోపాలో వాసికెక్కిన హంగరీ జట్టు ఆటతీరును పరిశీలించి, తన జట్టు కూర్పును మార్చుకొనిరి. వెనుక నలుగురు, నడుమ ఇరువురు, ముందు నలుగురు నిలిచి ఆడు విన్యాసమును 1958 ప్రపంచ కప్పులో బ్రెజిలు శిక్షకుడు ఫియోలా జట్టు లోకమునకు చూపి మన్నన పొందెను. రహీముగారు దానిని అంతకు మునుపే మనవారికి అలవాటు చేసిరని క్రీడాచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు.

1956 మెల్‌బోర్ను ఒలింపిక్కులలో మనవారు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించిరి. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు చేసెను. ఒలింపిక్కులలో సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టు మనదే. చివరకు నాలుగవ స్థానము దక్కెను. ఆ జట్టున అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాసు బలరాం మొదలగు హైదరాబాదు, సికింద్రాబాదు బిడ్డలు పెక్కురుండిరి.

వీరిలో బలరాం కథ తల్లులు వినదగినది. ఇతడు సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో బీదయింట పుట్టినవాడు. రహీముగారి యొద్ద శిక్షణకు నగరమునకు రావలెనన్న దూరము మెండు, చేత కాసు లేదు. సైకిలు అద్దెకు రహీముగారే డబ్బిచ్చి రప్పించుకొనిరని చెప్పుదురు. 1960 రోము ఒలింపిక్కులలో హంగరీపైనను, దక్షిణ అమెరికా దేశమగు పెరూపైనను మన పక్షమున గోలు చేసినవాడు ఆ బలరామే. ఆ రెండాటలును మనవారు ఓడిరి. ఫ్రాన్సుతో సరిసమానముగా నిలిచిరి. రహీముగారి కుమారుడు హకీం కూడ ఆనాటి జట్టులో నొకడు. తరువాత ఆయన వాయుసేనలో పనిచేసి, అంతర్జాతీయ పోటీలకు తీర్పరిగా పేరొందెను.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే రహీముగారి ఊపిరితిత్తులను క్యాన్సరు వ్యాధి తినివేయుచుండెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2–0తో ఓడించెను. పిమ్మట మనవారు థాయిలాండును, జపానును, సెమీఫైనలులో దక్షిణ వియత్నామును గెలిచి, తుదిపోరున మరల ఆ కొరియాకే యెదురైరి. జట్టు పరిస్థితి చూడుడు: గోలు కాయు తంగరాజు జ్వరముపడి లేచినవాడు, జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడినవాడు. పైగా ఇజ్రాయేలు, తైవాను దేశములను క్రీడలకు రానీయకుండుటపై మనదేశపు ప్రతినిధి యొకరు అభ్యంతరము చెప్పినందున, మైదానమున కూడిన లక్షమంది జనులు మనవారిపై మండిపడుచుండిరి. ఆ గోలలో పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మన పక్షమున నిలిచి ఉత్సాహపరచిరని నాటి ఆటగాండ్రు తలచుకొనెడివారు.

తుదిపోరునకు ముందు రహీముగారు శిష్యులను పిలిచి, తనకు కానుకగా రేపు బంగారు పతకమును తెచ్చి యిమ్మని అడిగిరట. సెప్టెంబరు 4వ తేదీన ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలును, వెనుక వరుసవాడైనను గురువాజ్ఞచే ముందు నిలిచిన జర్నైల్ సింగు మరియొక గోలును చేసిరి. 2–1తో మనవారు గెలిచిరి. శిష్యులు గురుదక్షిణ చెల్లించిరి.

ఆ పతకము వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11వ తేదీన, రహీముగారు కన్నుమూసిరి. వయస్సు ఏబదిమూడేండ్లే. నాటినుండి నేటివరకు ఆసియా క్రీడలలో మన ఫుట్‌బాలు జట్టు స్వర్ణము తేలేదు. పోలీసు జట్టు ప్రాభవమును క్రమముగా తగ్గిపోయెను. 2024లో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చిన పిదప మాత్రమే చాలమంది ఆయన పేరు వినిరి. అరువదేండ్లు మరచియుండి, తెరపై చూచి కంటనీరు పెట్టుకొనుట మనకు గౌరవమా?

సోదరీమణులారా! తప్పు ప్రభుత్వములదే యని తప్పించుకొనరాదు. పిల్లవాడు మట్టికొట్టుకొని యింటికి వచ్చిన, “ఆటలవలన అన్నము వచ్చునా?” అని మొట్టమొదట గద్దించునది మనమే కదా! లెక్కలలో వెనుకబడిన పిల్లవానికి ఇంట మరియొక పాఠము చెప్పింతుము. పరుగులో వెనుకబడినవానిని మాత్రము నీకు రాదని వదలివేయుదుము. మన ఆడపిల్లలకు ఆ ప్రశ్నయే రానీయము. అయినను నిజామాబాదు ప్రాంతపు తండానుండి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత స్త్రీల జట్టున ఆడుచున్నది. ఆమెను ఆటకు పంపిన యిల్లు ధన్యము.

బిడ్డలందరు పతకములు తేనక్కరలేదు. రహీముగారు పతకముకంటె ముందు నేర్పినవి రెండే: బలహీనమైన కాలిని వదలక సాధించుట, చేతికందినదానిని తోటివానితో పంచుకొనుట. ఈ రెండును వచ్చిన బిడ్డ ఏ వృత్తిలోనైనను రాణించును, ఏ యింటనైనను ఇముడును. కనుక సాయంకాలము ఒక్క గడియ పుస్తకము మూయించి, మగపిల్లలనక ఆడపిల్లలనక బయటికి పంపుడు. వారికి ఆట నేర్పు పంతులుగారిని లెక్కల పంతులుగారితో సమానముగా కూర్చుండబెట్టి మర్యాద చేయుడు.